ఏటాన్ లెక్కలో పోయిన బోరు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ అది ఎప్పుడొస్తుందో వాళ్లకు సరిగ్గా తెలియదు. నా లెక్కను ఎవరైనా అనుమానిస్తే వస్తుంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పొలాలు కొలిచి హద్దులు చూపించే పనిలో పడ్డాక ఆ కోపానికి రోజూ మేత దొరికింది. ఒక ఆడపిల్ల మూడు కాళ్ల స్టాండు మీద మిషన్ పెట్టి ఒక కన్ను మూసుకుని చూస్తుంటే, గట్టు మీద నిలబడ్డ ప్రతి మగవాడూ ఒక ప్రశ్న వేస్తాడు. "నీకొస్తదా?" అని నేరుగా అడిగేవాళ్లు కొంత నయం. "మీ సారు రాలేదా?" అని అడిగేవాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సారు నాకు పని నేర్పిన పెద్దమనిషి. రిటైరైన సర్వేయరు. డిప్లొమా చేసి ఊరికే కూర్చున్న నన్ను తన వెంట తిప్పుకుని, మోకాళ్లు అరిగి ఇక నడవలేనన్నప్పుడు తన పనులు నాకు వదిలేశాడు. వాటితోపాటు తన దగ్గర ముప్పై ఏళ్లు కొలత గొలుసు లాగిన కాకను కూడా ఇచ్చాడు. ఇప్పుడు గొలుసు లేదు, టేపు వచ్చింది. అయినా కాకను అందరూ గొలుసాయన అనే పిలుస్తారు. కోణాలు చూసే మిషన్ మాత్రం నేనే కొన్నాను, హయత్‌నగర్‌లో ఒకాయన వాడి పక్కన పెట్టిన పాత థియోడలైట్.

సారు కాలంలో లెక్కలన్నీ నోటుబుక్కులో, క్యాలిక్యులేటర్ మీద. నాకు ఆ ఓపిక లేదు. ల్యాప్‌టాప్‌లో ఒక షీటు తయారు చేసుకున్నాను. పాలిటెక్నిక్‌లో విలోమ టాంజెంట్ అని చదివి, పరీక్ష రాసి మరిచిపోయినది అక్కడ మళ్లీ ఎదురైంది. స్ప్రెడ్‌షీట్‌లో దాన్ని ఏటాన్ అంటారు. పొలం పనిలో దాని ఉపయోగం సులువుగానే చెప్పొచ్చు. ఈ రాయి నుంచి ఆ రాయికి పోవాలంటే తూర్పుకు ఎన్ని మీటర్లు, ఉత్తరానికి ఎన్ని మీటర్లు అని మన దగ్గర రెండు అంకెలుంటాయి. ఒకదాన్ని రెండోదానితో భాగించి ఏటాన్‌కు ఇస్తే, మిషన్‌ను ఎంత కోణం తిప్పాలో చెబుతుంది.

మొదటిసారి పరీక్షించినప్పుడు తెలిసిన లెక్కే ఇచ్చాను. తూర్పుకు యాభై, ఉత్తరానికి యాభై. సరిగ్గా మూలకు పోయే గీత కాబట్టి నలభై ఐదు డిగ్రీలు రావాలి. సున్నా పాయింట్ ఏడు ఎనిమిది ఐదు వచ్చింది. డిగ్రీలో ముప్పాతికేమిటి? గంటసేపు షీటును తిట్టి, నన్ను నేను తిట్టుకుని, చివరికి కనుక్కున్నాను. ఏటాన్ జవాబు రేడియన్లలో ఇస్తుంది, దాన్ని మనమే డిగ్రీల్లోకి మార్చుకోవాలి. మార్చాను. నలభై ఐదు వచ్చింది. దానిలో ఉన్న గుంత ఇదొక్కటే, నేను దాటేశాను అనుకున్నాను. ఆ సాయంత్రం సారుకు ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పాను.

తర్వాత వచ్చిన పని ఇబ్రహీంపట్నం శివారులో ఒక అవ్వది, ఆమె మరిదిది. ఇద్దరికీ కలిపి ఆరెకరాల చెలక, అంటే మెట్ట పొలం. అవ్వ భర్త బతికున్నంత కాలం అన్నదమ్ములు ఎవరి వైపు వాళ్లు దున్నుకున్నారు తప్ప మధ్య గీత మీద రాళ్లు పాతుకోలేదు. మధ్యలో ఉన్న గట్టు కూడా నేల చదును చేయించినప్పుడు పోయింది. అవతలి కొనన ఉన్న పాత రాయిని డోజర్ ఎటో నెట్టేసింది. ఇప్పుడు మరిది కంచె వేసుకోవాలనుకున్నాడు. వేసేముందు కొలిపించి రాళ్లు పాతుకుందామని అవ్వే అంది. వాళ్ల దగ్గరున్న పాత కొలతల కాగితంలో రెండు వాటాల మధ్య గీత నైరుతి రాయి దగ్గర మొదలై ఈశాన్యం వైపు ఏటవాలుగా పోతుంది. ఆ కాగితం నుంచి నేను తీసిన అంకెలు ఇవి. తూర్పుకు నూట ముప్పై మీటర్లు, ఉత్తరానికి నూట ఇరవై.

అవ్వ వాటా గీతకు ఉత్తరం వైపు. అక్కడ ఆమె భర్త వేయించిన బోరు ఉంది. ఆ బోరు మీదే కొత్తిమీర, టమాట పండించి మార్కెట్‌కు పంపుతుంది. ఆమెకున్న ఆధారం అదే. మరిదికి కింది వైపు వేరే బోరు ఉంది.

ఆ చుట్టుపక్కల హద్దు వేసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. కొలతకు ముందే పంచనామా రాస్తారు. గీత ఎటు పోతే అటు ఒప్పుకుంటామని ఇద్దరూ నలుగురి ముందు సంతకం పెడతారు. కొలిచాక రాయి పాతి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. అవ్వ వేలిముద్ర వేసింది. మరిది సంతకం పెట్టాడు.

నైరుతి రాయి మీద మిషన్ నిలబెట్టి, దానికి నేరుగా ఉత్తరాన చెదరకుండా ఉన్న ఇంకో పాత రాయిని చూసి సున్నా పెట్టి, షీటు చెప్పిన కోణం తిప్పాను. నలభై రెండు డిగ్రీల నలభై మూడు నిమిషాలు. కాక గుంజ పట్టుకుని ముందుకు పోయాడు. కొంత దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"బిడ్డా, జర పైకి వోతున్నట్టున్నది."

"మిషన్ల చూస్తున్న నేను. నువ్వు గుంజ నిలవెట్టు కాకా."

"అట్ల గాదు. ఉత్తరం దిక్కు టేపు గుంజి, ఆడికెల్లి తూర్పు దిక్కు గుంజుదాం. అర్ధగంట గూడ వట్టది."

సారు ఎప్పుడూ అలాగే సరిచూసేవాడు. నాకూ తెలుసు. కానీ ఎండ ముదురుతోంది, గట్టు మీద పదిమంది చూస్తున్నారు, వాళ్ల ముందు నా లెక్కను టేపుతో పరీక్షించుకోవడం నాకు నామోషీ. "గింత చదువుకున్నది నీతోని టేపు గుంజనీకేనా?" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. కాక గుంజ నిలబెట్టాడు.

గీత బోరు దగ్గరికి వచ్చేసరికి అందరూ గుంపుగా చేరారు. బోరు గీతకు అవతల, మరిది వైపు పడింది. ఆరు అంగలు.

మొదట మాట్లాడింది మరిదే. "ఏందిది? బోరు ఇటు వడ్డదేంది?"

"మిషన్‌కు ఎవరి బోరో తెల్వదు బాపూ" అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. గట్టు మీద ఒకరిద్దరు నవ్వారు కూడా. మరిది వదినె వైపు చూశాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బోరునే చూస్తోంది. "గీత ఎటు వోతే అటే అన్నం గద. వాతుండ్రి" అంది. రాళ్లు పాతారు. కొబ్బరికాయ కొట్టారు. నాకు ఒక చెక్క చేతిలో పెట్టారు. ఇంటికి తీసుకుపోయి పచ్చడి చేయించుకుని తిన్నాను.

ఎనిమిది రోజుల తర్వాత కందుకూరు వైపు ఒక పని. రోడ్డు పక్కనే పోయే హద్దు. తూర్పుకు నూట నలభై మీటర్లు, ఉత్తరానికి ఇరవై. అంటే దాదాపు తూర్పుకే పోవాలి, చిన్నపిల్లలు కూడా చెబుతారు. షీటు ఎనిమిది డిగ్రీలంది. తిప్పి చూస్తే మిషన్ ఉత్తరానికి చూస్తోంది. ఎదురుగా ఎవరిదో కోళ్ల ఫారం.

కాక పగలబడి నవ్వాడు. "గిటు వోతే కోడిగుడ్ల మీద రాయి వాతాలె బిడ్డా!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే మిషన్ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. తప్పు దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. బడిలో కోణాన్ని అడ్డగీత నుంచి కొలవడం నేర్పారు, అంటే తూర్పు నుంచి. నిలువును అడ్డంతో భాగించమన్నారు. ఆ అలవాటులో నేను ఉత్తరాన్ని తూర్పుతో భాగించాను. కానీ హద్దుల పనిలో కోణం ఉత్తరం నుంచి మొదలవుతుంది. తూర్పును ఉత్తరంతో భాగించాలి. అంకెలు తారుమారయ్యాయి, అంతే. గడిలో రెండు పేర్లు అటుదిటు మార్చాను. ఎనభై రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ వచ్చింది. సరిపోయింది.

అప్పుడు నవ్వు ఆగిపోయింది. మరి నేను పరీక్షించినప్పుడు నలభై ఐదు ఎలా వచ్చింది? యాభైని యాభైతో ఎటు నుంచి భాగించినా ఒకటే. రెండు అంకెలూ సమానంగా ఉన్న లెక్కతో పరీక్ష పెట్టుకున్నాను. అందులో ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. మరి నూట ముప్పై, నూట ఇరవై? దగ్గర దగ్గరి అంకెలు. తారుమారైనా కంటికి పెద్దగా తేడా కనిపించదు.

ఆ అంకెలు కొట్టాను. నలభై ఏడు డిగ్రీల పదిహేడు నిమిషాలు. నేను తిప్పింది నలభై రెండు నలభై మూడు. నాలుగున్నర డిగ్రీల తేడా. గీత చివరికి పోయేసరికి పద్నాలుగు మీటర్లు. రెండు గీతల మధ్య పడే ముక్క పన్నెండు గుంటలు, ఎకరంలో మూడో వంతుకు కాస్త తక్కువ. ఆ పన్నెండు గుంటల్లో అవ్వ బోరు.

కాకకు చెప్పాను. ఆయన తల మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. నన్ను తిట్టిపోస్తాడనుకున్నాను. "ఎప్పుడు వోదాం?" అన్నాడంతే.

వెంటనే పోయి ఉండాల్సింది. పోలేదు. ఇంటికొచ్చి అంతకుముందు చేసిన పనులన్నీ తీసి చూశాను. ఏ పనికి షీటు వాడాను, ఏ పనికి సారు లెక్క వాడాను అని ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ ఒక రోజు గడిపాను. షీటు వాడిన పని అవ్వది తప్ప ఇంకోటి లేదు. రెండో రోజు ఫోన్ చేద్దామనుకున్నాను. అవ్వకు ఫోన్ లేదు. ఉన్నది మరిది నెంబరు. ఆయనకు ఏమని చెప్పాలి? నీ వైపు వచ్చిన పన్నెండు గుంటలు, బోరు తిరిగిచ్చేయమని ఫోన్లో చెబితే ఎవరు వింటారు? పంచనామా ఉంది, కొబ్బరికాయ కొట్టారు. అవ్వ దగ్గర డబ్బు తిని మాట మార్చిందంటే? ఈ సంగతి ఊళ్లో తెలిస్తే ఇక నన్ను ఎవరు పిలుస్తారు? ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. అన్నం సహించలేదు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. ఒక్కోసారి ఎవరికీ తెలియదు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి. తెలిసింది నాకూ కాకకూ మాత్రమే. నేను చెప్పకపోతే కాక చెప్పడు. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పదో రోజు పొద్దున్నే బండి మీద కాకను ఎక్కించుకుని చెలకకు పోయాను. మరిది కూలీలతో కంచె కోసం గుంతలు తవ్విస్తున్నాడు. నేను పాతిన రాళ్ల వెంబడే వరసగా గుంతలు. బండి దిగి, ఆయన పలకరించేలోపే చెప్పేశాను. లేకపోతే చెప్పలేనని తెలుసు.

"బాపూ, గీత తప్పు వోయింది. లెక్క నాదే తప్పు. బోరు మీది గాదు, అవ్వది."

ఆయన గడ్డపార కింద పడేశాడు. "ఆటలాడుతున్నవా? పదిమంది ముంగట పాతినం. మల్ల ఇప్పుడొచ్చి తప్పంటవా? రేపొచ్చి ఇంకోటంటవు!"

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. "నన్ను నమ్మొద్దు. మిషన్ కూడా పెట్టను. టేపుతోని మీరే చూడుండ్రి" అన్నాను.

కాక టేపు తీశాడు. పది రోజుల కిందట చేయాల్సిన పని అది. నైరుతి రాయి దగ్గర నుంచి ఉత్తరానికి నూట ఇరవై మీటర్లు, అక్కడ గుంజ. ఆ గుంజ దగ్గర నుంచి లంబంగా తూర్పుకు నూట ముప్పై. టేపు ఒక కొన మరిది చేతికే ఇచ్చాను. ఆయనే మీటర్లు చదివాడు, ఆయనే గుంజ దిగ్గొట్టాడు. అక్కడ నిలబడి నైరుతి రాయి వైపు చూశాడు. మధ్యలో బోరు ఎటు పడిందో ఆయనకే కనిపించింది. చదును చేసిన నేలలో అక్కడొక పాత రాతి ముక్క కూడా బయటపడుతుందేమోనని కాలితో కాసేపు గీకి చూశాడు. ఏమీ దొరకలేదు. అయినా గుంజ మీద చెయ్యి తీయలేదు.

"నాకు ఆనాడే అనిపిచ్చింది" అన్నాడు చివరికి. "మా అన్న బోరు ఏసినప్పుడు నేనీడనే ఉన్న. ఆయన తన దిక్కు ఏసుకున్నడు గని, నా దిక్కు ఎందుకేస్తడు?"

"మరి ఆనాడు గట్టిగ అనలేదేంది బాపూ?"

"నువ్వు మిషన్ వెట్టి చెప్తివి. కాదంటే, వచ్చిన బోరును వద్దంటున్నడేంది వీడు అని అందరు నవ్వుతరు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక దినం ఆశ గూడ అయింది" అన్నాడు. నేను తల దించుకున్నాను. నాకూ రెండు రోజులు అలాంటిదే ఒకటి ఉండింది.

అవ్వ అప్పటికి వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి నడుస్తుంటేనే మడి కనిపించింది. టమాట నారు నాటి పక్షం రోజులు కూడా కాలేదు. ఇప్పుడది నేలకు అతుక్కుపోయి, పట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. కొత్తిమీర మడి మొత్తం పసుపుపచ్చగా మాడిపోయింది. ఒక పక్క నాలుగు సాళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. గట్టు మీద రెండు బిందెలు బోర్లించి ఉన్నాయి.

"అవ్వా, నీళ్లు పెట్టలేదా?"

మరిదే జవాబు చెప్పాడు. "నేను చెప్పిన, వాడుకో వదినే అని. నా మాట ఇంటే గదా. రాళ్లు వాతిన పొద్దుటి నుంచి మోటరు దగ్గరికే వోలేదు. ఊళ్ల నల్లా నీళ్లు బిందెల మోసుకొచ్చి ఆ నాలుగు సాల్లు పెట్టుకున్నది."

"రాయి అవుతల నీళ్లు నేనెట్ల వాడుకుంట?" అంది అవ్వ. మామూలుగానే అంది.

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. తప్పు నాదని, అంకెలు తిరగేశానని, బోరు ఆమెదేనని చెప్పాను. క్షమించమన్నాను. ఆమెకు అంకెల సంగతి పట్టలేదు. వేరే ఏదో చెప్పాలని చూస్తోంది.

"బోరు వోయిందని గాదు బిడ్డా. నువ్వు గంత ఖాయంగ చెప్పినంక, ఇన్నేండ్ల సంది నేను మంది నీళ్లు వాడుకున్ననా అనిపిచ్చింది. మా ఆయన తెల్వక ఏసిండో, తెలిసే ఏసిండో అని ఒక్కటే ఫికర్. సచ్చిపోయినాయనను అడుగుదమంటే లేడాయె. మా మరిది కాడికి వోయి, తప్పయింది నాయినా అని చెప్పిన."

మరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాక నేల వైపు చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. టమాట నారు మళ్లీ తెచ్చిస్తానని ఏదో అన్నాను. ఆమె వద్దనలేదు, సరేననలేదు. పది రోజులు ఆమె చచ్చిపోయిన భర్తను దొంగగా అనుమానించింది. అందులో చివరి రెండు రోజులు నేను తెలిసి తెలిసి ఇచ్చినవి. వాటికి ఏ నారు తెచ్చివ్వాలి?

రాళ్లు పీకించి కొత్త గీత మీద పాతించాను. పంచనామా వెనకవైపు, లెక్క తప్పింది నాదేనని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మరిది దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతాడని తెలుసు, పెట్టొద్దని అడగలేదు. కొబ్బరికాయ ఎవరూ తేలేదు. తర్వాత ఆయనే పోయి మోటరు వేశాడు. పైపు కాసేపు గాలి కక్కి, తర్వాత నీళ్లు కాలువలోకి దూకాయి.

అవ్వ పార పట్టుకుని మడి మొదట్లో నిలబడింది. నీళ్లు కాళ్ల దాకా వచ్చినా మడిలోకి తిప్పలేదు.

"పక్కానేనా?" అంది.

"పక్కా అవ్వా. నీదే" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. మోటరు దగ్గర నిలబడ్డ మరిది వైపు చూసింది. ఆయన తల ఊపాకే పార ఎత్తి, పచ్చగా మిగిలిన ఆ నాలుగు సాళ్లలోకి నీళ్లు మళ్లించింది.